తుమ్ముకొకటి, దిబ్బడకొకటి: ఒకే బిళ్ళలో రెండు మందులు

అక్టోబరు వచ్చిందంటే విశాఖలో ఏ మందుల షాపు దగ్గర నిలబడినా ఒక మాట వినిపిస్తుంది. "పొద్దున్న లేచింది మొదలు ఒకటే తుమ్ములండీ, ముక్కు కూడా దిబ్బడేసింది. ఏదైనా మంచి బిళ్ళ ఇవ్వండి." షాపతను "జ్వరం ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగి, పది బిళ్ళల స్ట్రిప్‌లోంచి నాలుగు కత్తిరించి కవర్లో వేస్తాడు. కత్తెర ఎక్కడ పడిందో ఎవరూ చూడరు. ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములుందో స్ట్రిప్ వెనక సన్నటి అక్షరాల్లో ఉంటుంది. గడువు తేదీ ఓ అంచున ఉంటుంది. కత్తిరించాక ఆ రాత సగం షాపులోనే ఉండిపోతుంది, సగం ఇంటికొస్తుంది. వేసుకునే మనిషికి మిగిలేది బిళ్ళ రంగు ఒక్కటే.

ఇలా వచ్చే ‘జలుబు బిళ్ళ’లో సాధారణంగా రెండు మందులు ఉంటాయి. ఒకటి తుమ్ముల్ని, దురదని, కారే ముక్కుని ఆపే యాంటీహిస్టమిన్. రెండోది మూసుకుపోయిన ముక్కుని తెరిచే డీకంజెస్టెంట్, అంటే దిబ్బడ మందు. చాలా బ్రాండ్లలో వీటికి తోడు పారాసెటమాల్, కొన్నిట్లో కెఫీన్ కూడా కలుస్తాయి. ఈ మందులు ఒకే బిళ్ళలో ఉన్నా వాటి పనులు వేరు, ప్రమాదాలు వేరు, పడని మనుషులూ వేరు. మొదటిది నెలల తరబడి వాడగలిగింది. రెండోది నాలుగైదు రోజులకి మించి వాడకూడనిది. ఒకే మాత్రగా కలిసి వచ్చేసరికి ఈ తేడా మన కళ్ళకి కనిపించకుండా పోతుంది. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

ముక్కులో ఏం జరుగుతుంది

ఒంటికి పడని పుప్పొడి గానీ దుమ్ము గానీ ముక్కులోకి వెళ్ళినప్పుడు అక్కడి మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది నరాల చివరల్ని తాకితే దురద, తుమ్ములు. గ్రంథుల్ని తాకితే నీళ్ళలా ముక్కు కారడం. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. యాంటీహిస్టమిన్ చేసే పని ఆ హిస్టమిన్ వెళ్ళి కూర్చోవాల్సిన చోట తాను ముందే కూర్చోవడం. హిస్టమిన్ అప్పటికే కూర్చున్నాక దాన్ని లేపడం కష్టం కాబట్టి, తుమ్ములు మొదలయ్యాక వేసుకున్న బిళ్ళ కంటే ముందు వేసుకున్న బిళ్ళ బాగా పనిచేస్తుంది. సంక్రాంతికి బూజు దులిపే రోజున, చీపురు పట్టుకోకముందే గంట ముందు సెట్రిజిన్ అనే యాంటీహిస్టమిన్ వేసుకున్నవారికీ, పదిసార్లు తుమ్మాక వేసుకున్నవారికీ ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

దిబ్బడ కథ వేరు. ముక్కు లోపలి గోడల్లో రక్తనాళాలు ఉబ్బి, ఆ గోడలు వాచి, గాలి వెళ్ళే దారి ఇరుకైపోతుంది. ‘లోపల చీమిడి గడ్డకట్టింది’ అని చాలామంది అనుకుంటారు గానీ, ఎంత చీదినా తెరుచుకోని ముక్కులో అడ్డం ఉన్నది చీమిడి కంటే ఎక్కువగా ఆ వాపే. మొదటి దాడి తర్వాత నాలుగు నుంచి ఎనిమిది గంటలకి ఇంకో దఫా వస్తుంది. అందులో హిస్టమిన్ పాత్ర తక్కువ, ల్యూకోట్రైన్ల వంటి వేరే రసాయనాల పాత్ర ఎక్కువ. సెట్రిజిన్ వేసుకుంటే తుమ్ములు తగ్గినా ముక్కు తెరుచుకోలేదని చాలామంది చెప్పడానికి కారణం ఇదే. ఆ ఖాళీని పూరించడానికే ఉబ్బిన రక్తనాళాల్ని బిగించే రెండో మందుని కలిపారు. ఆలోచన మంచిదే. చిక్కల్లా, నోటితో వేసుకున్న మందు ముక్కులోని రక్తనాళాలకే పరిమితం కాకపోవడం. ఒళ్ళంతా ఉన్న నాళాలకీ, గుండెకీ, మూత్రాశయానికీ, కంటికీ కూడా అది వెళ్తుంది.

వైజాగ్‌లో ‘డస్ట్ ఎలర్జీ’ అంటే ఏంటి

మందు గురించి చెప్పేముందు ఊరి గాలి గురించి ఒక మాట. ఇక్కడ ‘డస్ట్ ఎలర్జీ’ అన్న పేరు కింద కనీసం మూడు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉంటాయి.

ఒకటి నిజమైన ఎలర్జీ. సముద్రం పక్క ఊరు కాబట్టి గాలిలో తేమకి లోటు లేదు. తేమ ఉన్నచోట దూది పరుపుల్లో, దిండ్లలో, బొంతల్లో కంటికి కనిపించని డస్ట్ మైట్ పురుగులు బాగా పెరుగుతాయి, గోడలకి బూజు పడుతుంది. ఇది ఏడాది పొడవునా ఉండే బాధ. వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన విరగబూసే వయ్యారిభామ పుప్పొడి, భీమిలి దారిలోని సరుగుడు తోటల పుప్పొడి, గడ్డి పుప్పొడి మాత్రం కాలాన్ని బట్టి వచ్చేవి.

రెండోది వాసనతో వచ్చే బాధ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్ళో చెట్లని ఊడ్చేశాక, త్వరగా పెరిగే మొక్కల్ని రోడ్ల పక్కన విరివిగా నాటారు. వాటిలో ఏడాకుల పాల ఒకటి. చలి మొదలయ్యే రోజుల్లో రాత్రిపూట ఆ పూల ఘాటు వాసన వీధంతా కమ్ముకుంటుంది. కొందరికి బాగానే ఉంటుంది, కొందరికి తల పట్టేస్తుంది, ముక్కు బిగుసుకుపోతుంది. కొందరికి ఆ పువ్వు పుప్పొడే పడకపోవచ్చు. చాలామందిని ఇబ్బంది పెట్టేది మాత్రం వాసన. ఘాటు వాసనకి ముక్కు బిగుసుకోవడంలో హిస్టమిన్‌కి పెద్ద పని లేదు కాబట్టి అలాంటివారికి యాంటీహిస్టమిన్ బిళ్ళ పెద్దగా ఉపయోగపడదు. ‘ఎన్ని బిళ్ళలు మింగినా తగ్గట్లేదు’ అనేవాళ్ళలో వీళ్ళూ ఉంటారు.

మూడోది పొగ, బొగ్గు ధూళి. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ, నడుమ గిన్నెలాంటి ఊరు. శీతాకాలం తెల్లవారుజామున గాలి కదలక, లారీల పొగా పోర్టు వైపు నుంచి వచ్చే ధూళీ కిందనే ఉండిపోతాయి. జ్ఞానాపురం, పాత పట్నం వైపు ఇళ్ళలో పొద్దున్న తుడిచిన బల్ల మీద సాయంత్రానికి నల్లటి పొర కనబడుతుంది. 2019లో మొదలైన జాతీయ శుద్ధవాయు పథకంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ చేరింది కూడా. ఈ ధూళి ముక్కుని గీరుతుంది, ఉన్న ఎలర్జీని రేపుతుంది. కానీ దానికదే ఎలర్జీ కాదు. భోగి మంట పొగకి ముక్కు మండితే దానికి బిళ్ళ వేసుకోవడం కంటే పక్కకి జరగడం మేలు.

వీటన్నిటితో కలగలిసిపోయేది మామూలు రొంప. కళ్ళు, ముక్కు, అంగిలి దురదపెట్టి, వరసగా తుమ్ములొచ్చి, నీళ్ళలా కారి, జ్వరం లేకుండా, ఏటా అదే నెలలో, రోజూ అదే వేళకి వస్తే ఎలర్జీ అని అనుకోవచ్చు. గొంతు నొప్పితో మొదలై, ఒళ్ళు నొప్పులతో, ముక్కు చిక్కబడి, వారం పది రోజుల్లో పోతే రొంప. ‘జ్వరం ఉందా’ అన్న ఒక్క ప్రశ్నకి బదులు ‘దురద ఉందా’ అని అడిగితే షాపు దగ్గరే సగం విషయం తేలిపోతుంది.

బిళ్ళలో రెండో సగం చరిత్ర అంత బాగాలేదు

యాంటీహిస్టమిన్ల గురించి పెద్ద వివాదం లేదు. దిబ్బడ మందుల సంగతి అలా కాదు. పాతికేళ్ళుగా ఒక్కొక్కటీ ప్రశ్నల్లో పడుతూనే ఉంది.

మొదట పోయింది ఫినైల్ ప్రొపనోలమిన్. మెదడులో రక్తస్రావంతో దానికి సంబంధం కనబడటంతో 2000లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందున్న ఉత్పత్తుల్ని ఆపేయమని కంపెనీల్ని కోరింది. మన కేంద్ర ప్రభుత్వం నిషేధ నోటిఫికేషన్ ఇచ్చింది 2011 ఫిబ్రవరిలో. నడుమ పదేళ్ళు మనవాళ్ళు దాన్ని మింగుతూనే ఉన్నారు.

తర్వాతది సూడోఎఫెడ్రిన్. ఇది నిజంగా పనిచేసే మందు. నోటితో వేసుకుంటే దిబ్బడ తగ్గుతుంది. కానీ దీన్నుంచి మెథాంఫెటమిన్ అనే మత్తు పదార్థం తయారుచేయవచ్చు. అందువల్ల అమెరికాలో 2006లో చట్టం చేసి దీన్ని కౌంటరు వెనక్కి పంపారు, కొన్నవారి పేరు రాసుకుంటారు. మన దేశంలోనూ ఇది మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రిత పదార్థం. తయారీ, అమ్మకాల లెక్కలు చూపాలి. 2024 మొదట్లో యూరప్ ఔషధ సంస్థ ఇంకో హెచ్చరిక చేసింది. చాలా అరుదుగా ఇది మెదడు రక్తనాళాల్ని బిగించి తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ, చూపు మసకబారడం వంటివి తెస్తుందనీ, బీపీ అదుపులో లేనివారూ తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవారూ వాడకూడదనీ దాని సారాంశం.

ఇన్ని ఆంక్షలున్న మందు బదులు కంపెనీలు ఎంచుకున్నది ఫినైల్‌ఎఫ్రిన్. మన షాపుల్లోని జలుబు బిళ్ళల వెనక ఇప్పుడు ఎక్కువగా కనిపించే పేరు ఇదే, సాధారణంగా 5 లేదా 10 మిల్లీగ్రాములు. ముక్కులో చుక్కలుగా వేస్తే ఇది పనిచేస్తుంది. మింగితే మాత్రం పేగు గోడల్లోనే, కాలేయంలోనే చాలావరకు విరిగిపోయి, ముక్కు దాకా చేరేది అతి స్వల్పం. 2023 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘంలోని 16 మంది ఏకగ్రీవంగా, నోటితో వేసుకునే ఫినైల్‌ఎఫ్రిన్ ఇప్పుడున్న మోతాదులో దిబ్బడ తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని తేల్చారు. 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దాన్ని చీటీ లేకుండా కౌంటరు మీద అమ్మే మందుల జాబితా నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. ప్రమాదకరమని కాదు, పనికిరాదని.

ఇది మన కౌంటరు దగ్గరి ప్రశ్నని మార్చేస్తుంది. ‘కాంబినేషన్ బిళ్ళ జాగ్రత్తగా ఎలా వాడాలి’ అని అడిగే ముందు ‘ఇందులో దిబ్బడ మందు ఏది’ అని చూడాలి. ఫినైల్‌ఎఫ్రిన్ అయితే, ఆ బిళ్ళ వేసుకున్నాక కలిగే ఉపశమనం దాదాపు అంతా యాంటీహిస్టమిన్ పుణ్యమే. అలాంటప్పుడు ఆ ఒక్క మందునే విడిగా కొనుక్కోవచ్చు. చవక, పైగా అవసరం లేని రెండు మూడు మందులు ఒంట్లోకి పోవు. ఒళ్ళు వేడి లేని ఎలర్జీకి పారాసెటమాల్ ఎందుకన్నది ఇంకో ప్రశ్న. తలనొప్పికని పక్కన ఇంకో పారాసెటమాల్ బిళ్ళ వేసుకునే అలవాటు ఎలాగూ ఉంది. అన్నీ కలిపి పెద్దవారికి రోజుకి 4 గ్రాములు దాటకూడదన్న లెక్క ఎవరి మనసులోనూ ఉండదు.

నియంత్రణ సంస్థలు ఈ కాంబినేషన్ల మీద కన్నేయడం ఎప్పటినుంచో ఉంది. 2016లో 344, 2018లో 328, 2024 ఆగస్టులో 156 కాంబినేషన్లని కేంద్రం నిషేధించింది. చివరి జాబితాలో సెట్రిజిన్, పారాసెటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్ మూడూ కలిపిన బిళ్ళ ఉంది. లీవోసెట్రిజిన్‌తో అలాగే చేసింది కూడా ఉంది. పాత స్టాకు ఇంట్లో డబ్బాలో మిగిలి ఉందేమో చూసుకోవడం మంచిది. ఎందుకంటే మన ఇళ్ళలో ‘మొన్న మిగిలిన బిళ్ళ’ ఏళ్ళ తరబడి బతుకుతుంది.

ఎవరు దూరంగా ఉండాలి

బీపీ గురించి అందరూ చెబుతారు. 2005లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం సూడోఎఫెడ్రిన్ వల్ల పై బీపీ సగటున ఒక పాయింటు మాత్రమే పెరిగింది, గుండె వేగం నిమిషానికి మూడు పెరిగింది. ఈ అంకె చూసి భయం లేదనిపిస్తుంది. సగటుతో వచ్చే తిప్పలే ఇవి: చాలామందిలో ఏమీ కాదు, కొద్దిమందిలో బాగా పెరుగుతుంది. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా తెలీదు. బీపీ మందు వేసుకుంటూ అదుపులో ఉన్నవారు డాక్టర్ని అడిగి వాడవచ్చు. మందు మానేసినవారు, ఎన్నడూ చూపించుకోనివారు, స్టెంట్ వేయించుకున్నవారు, గుండె దడ ఉన్నవారు, థైరాయిడ్ ఎక్కువ ఉన్నవారు మాత్రం జోలికి పోకూడదు. నలభై దాటి బీపీ ఎప్పుడూ కొలిపించుకోనివారు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

ఇంతకంటే తక్కువగా చెప్పేదీ, ఎక్కువగా జరిగేదీ పెద్ద వయసు మగవాళ్ళ సంగతి. ప్రోస్టేట్ పెరిగి, రాత్రి నాలుగుసార్లు లేచే ఇంటి పెద్దాయన ఈ బిళ్ళ వేసుకుంటే ఆ రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయి, పొత్తికడుపు ఉబ్బి, తెల్లారేసరికి క్యాథెటర్, అంటే మూత్రం గొట్టం, వేయించుకోవాల్సి రావచ్చు. ఇక్కడ బిళ్ళలోని రెండు సగాలూ ఒకే దిక్కుకి లాగుతాయి. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాతకాలపు యాంటీహిస్టమిన్ మూత్రాశయం కండరాన్ని బలహీనం చేస్తుంది, దిబ్బడ మందు మూత్రాశయం మెడని బిగిస్తుంది. ఆ మెడని వదులు చేయడానికి రోజూ టామ్సులోసిన్ వేసుకునే మనిషికి అటు లాగే మందు ఒకటి, ఇటు లాగేది ఒకటి ఇచ్చినట్టవుతుంది. కంట్లో నీటికాసులు ఉన్నవారిదీ ఇదే కథ. రెండు సగాలూ కంటిపాపని పెద్దది చేసి, కోణం ఇరుకైన కన్నులో ఒత్తిడి ఒక్కసారిగా పెంచగలవు. కన్ను ఎర్రబడి, నొప్పితో, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడితే పొద్దున్న దాకా ఆగకూడదు.

వేరే మందులతో తగాదాలున్నాయి. పార్కిన్సన్‌కి వాడే సెలిజిలిన్, రాసజిలిన్, కొన్ని మొండి ఇన్ఫెక్షన్లకి, టీబీకి ఇచ్చే లినెజోలిడ్ వాడుతున్నవారు దిబ్బడ మందు అసలు ముట్టకూడదు. సెలిజిలిన్ రకం మందు మానేసినా 14 రోజులు ఆగాలి. నరాల నొప్పికో మైగ్రేన్‌కో అమిట్రిప్టిలిన్ తీసుకుంటున్నవారికి క్లోర్‌ఫెనిరమిన్ కలిస్తే నోరెండడం, మలబద్ధకం, మగత రెట్టింపవుతాయి. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి సెట్రిజిన్ మోతాదు తగ్గించాలి.

గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, సొంతంగా ఏదీ వేసుకోకపోవడమే మంచిది. పాలిచ్చే తల్లికి సూడోఎఫెడ్రిన్ వల్ల పాలు తగ్గుతాయి. ‘పాలు చాలట్లేదు’ అని డబ్బా పాలకి దిగే ముందు ఆ వారం ఏం బిళ్ళలు వేసుకుందో అడగాల్సింది.

పిల్లల విషయంలో చర్చే లేదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందుని నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలని 2023 డిసెంబరులో భారత ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. పక్కింటి పాపకి పనిచేసిందని అదే సిరప్ చంచాతో పోసే ముందు ఆ గీత ఎక్కడుందో వెతకాలి.

మగత అనేది నిద్ర ఒక్కటే కాదు

యాంటీహిస్టమిన్లలో పాతవి, కొత్తవి అని రెండు తరాలున్నాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఇళ్ళలో అందరికీ తెలిసిన ఏవిల్‌లో ఉండే ఫెనిరమిన్, దగ్గు మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ పాతవి. ఇవి మెదడులోకి సులువుగా వెళ్తాయి. సెట్రిజిన్, లీవోసెట్రిజిన్ తక్కువగా వెళ్తాయి గానీ, పదిమందిలో ఒకరికి మగత తప్పదు. లోరటడిన్‌తో ఇంకా తక్కువ, ఫెక్సోఫెనడిన్‌తో దాదాపు ఉండదు.

‘రాత్రే కదా వేసుకున్నాను’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. పెద్దవారిలో క్లోర్‌ఫెనిరమిన్ సగానికి తగ్గడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. రాత్రి పదింటికి వేసుకుని, తెల్లవారుజామున ఐదింటికి అరకు ఘాట్ ఎక్కే టాక్సీ డ్రైవరు ఒంట్లో ఆ మందు ముప్పాతిక వంతు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అతనికి నిద్ర వస్తున్నట్టు అనిపించకపోవచ్చు. బ్రేకు మీద కాలు పడటానికి పట్టే క్షణం మాత్రం సాగుతుంది. స్టీల్ ప్లాంటులో రాత్రి ‘సి’ షిఫ్టు చేసేవారు, పోర్టులో క్రేన్ ఎక్కేవారు, ఫిషింగ్ హార్బరు నుంచి రాత్రి బోటు మీద వెళ్ళేవారు ‘ఏ జలుబు బిళ్ళ’ అని కాక ‘ఫెక్సోఫెనడిన్ ఒక్కటే’ అని పేరు పెట్టి అడగడం మేలు. ఆ మందుకీ ఒక గొడవుంది: నారింజ, యాపిల్ రసాలతో వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు. గ్యాస్‌కి తాగే తెల్లటి మందుతో కూడా అంతే. నీళ్ళతోనే వేసుకోవాలి. ఇక మందు బిళ్ళ, మందు గ్లాసు ఒకే రాత్రి కలిస్తే ఏ తరం యాంటీహిస్టమిన్ అయినా ఒకటే.

దిబ్బడ మందు దీనికి పూర్తి ఎదురు. అది నిద్ర చెడగొడుతుంది, చేతులు వణికిస్తుంది, గుండె కొట్టుకోవడం తెలిసేలా చేస్తుంది. ఒకటి నిద్రపుచ్చి, ఒకటి లేపితే లెక్క సరిపోతుందని కొందరంటారు. కానీ మనిషి బయటికి మెలకువగా కనబడుతూ లోపల చురుకుదనం తగ్గి ఉండటం బండి నడిపేవారికి ఇంకా చేటు. కెఫీన్ కూడా ఉన్న బిళ్ళ మీద రెండు ఫిల్టర్ కాఫీలు పడితే రాత్రంతా ఫ్యాను లెక్కపెట్టుకోవడమే. పోటీల్లో ఆడే పిల్లలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రడుకాన్ జట్టు డాక్టర్ ఇచ్చిన జలుబు బిళ్ళలో ఉన్న సూడోఎఫెడ్రిన్ వల్ల బంగారు పతకం పోగొట్టుకుంది. పోటీ రోజుల్లో ఒక పరిమితి దాటితే ఇప్పటికీ అది నిషిద్ధమే.

పేరు కలిసిన వేరే బిళ్ళలు

విశాఖలో డాక్టర్లు ఎలర్జీకి తరచుగా రాసే కాంబినేషన్ అసలు ఇది కానే కాదు. లీవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన బిళ్ళ అది. మాంటెలుకాస్ట్ దిబ్బడ మందు కాదు, రెండో దఫా దాడిలో పనిచేసే ల్యూకోట్రైన్లని అడ్డుకునేది. దానికి బీపీ, ప్రోస్టేట్ భయాలు లేవు. కానీ 2020 మార్చిలో ఎఫ్‌డీఏ దానికి అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది: పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల వరకు మనసు మీద ప్రభావం పడవచ్చని, ముక్కు ఎలర్జీ ఒక్కదానికే అయితే వేరే మందులు పనిచేయనప్పుడే వాడమని. ఇక్కడ మాత్రం అది పాత చీటీ చూపించి నెలలకి నెలలు కొనుక్కునే బిళ్ళ అయిపోయింది. పిల్లాడు ఉన్నట్టుండి రాత్రుళ్ళు అరుస్తూ లేస్తుంటే దిష్టి తీసే ముందు ఈ బిళ్ళ సంగతి డాక్టరుకి చెప్పాలి.

ఇంకొకటి ముక్కు చుక్కలు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మింగే ఫినైల్‌ఎఫ్రిన్ కంటే ఎంతో నయం. ఐదు రోజులు దాటితే మాత్రం ముక్కు వాటికి బానిసవుతుంది. చుక్క ప్రభావం తగ్గగానే వాపు మునుపటి కంటే ఎక్కువగా వస్తుంది, దానికోసం మళ్ళీ చుక్క. ఏళ్ళ తరబడి చొక్కా జేబులో సీసాతో తిరిగేవాళ్ళు ప్రతి ఆఫీసులో ఒకరైనా ఉంటారు. చుక్కలంటే భయపడి కొందరు స్టెరాయిడ్ స్ప్రేకి కూడా దూరంగా ఉంటారు. అవి రెండూ వేరు. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ స్ప్రేలు అలవాటు చేయవు, దిబ్బడతో సహా ముక్కు ఎలర్జీ మొత్తానికీ బిళ్ళల కంటే బాగా పనిచేస్తాయి. కాకపోతే కొట్టిన వెంటనే ఫలితం కనబడదు. పూర్తి గుణానికి వారం పైనే పడుతుంది. మూడో రోజుకే ‘పనిచేయలేదు’ అని పక్కన పడేసే మందుల్లో దీనిదే మొదటి స్థానం. కొట్టేటప్పుడు ముక్కు నడిమి గోడ వైపు కాకుండా బయటి వైపుకి, అంటే చెవి దిక్కుకి గురిపెట్టాలి. లేకపోతే రక్తం పడుతుంది.

ఇక వాడాల్సి వస్తే

కాంబినేషన్ బిళ్ళకి చోటు లేదని కాదు. తుమ్ములూ దిబ్బడా రెండూ గట్టిగా ఉన్న నాలుగు రోజులు, పైన చెప్పిన జబ్బులేవీ లేని పెద్దవారికి, సూడోఎఫెడ్రిన్ ఉన్న బిళ్ళ నిజంగా సాయం చేస్తుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకంలో 120 మిల్లీగ్రాములుంటాయి. 12 గంటలకొకటి. మామూలు రకం 60 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటలకొకటి. ఏ రకమైనా రోజుకి 240 దాటకూడదు. నెమ్మదిగా విడుదలయ్యే బిళ్ళని విరిచి, పొడి చేసి వేసుకుంటే పన్నెండు గంటల మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. రెండో మోతాదు సాయంత్రానికి ముందే వేసుకుంటే నిద్ర దక్కుతుంది. దిబ్బడ విడిచిన రోజున కాంబినేషన్ మానేసి యాంటీహిస్టమిన్ ఒక్కటే కొనసాగించాలి. కాలం పోయేదాకా, అంటే ఐదారు వారాలు, రోజూ వేసుకోవాల్సి వచ్చినా కొత్త తరం మందుతో ఇబ్బంది ఉండదు.

గుండెలో నొప్పి, భరించలేని తలనొప్పి ఉన్నట్టుండి రావడం, చూపు మారడం, మూత్రం ఆగిపోవడం — వీటిలో ఏది వచ్చినా బిళ్ళ ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక ముక్కు నుంచే కారుతున్నా, రక్తం పడుతున్నా, ముఖం నొప్పితో పది రోజులు దాటినా, పిల్లికూతలు వినిపిస్తున్నా అది బిళ్ళతో పోయేది కాదు. ముక్కు ఎలర్జీ ఉన్నవారిలో ఉబ్బసం దాగి ఉండటం మామూలే. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోనో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో చూపించుకోవచ్చు. ఏది పడదో తేల్చే చర్మ పరీక్ష చేయించుకోవాలనుకుంటే యాంటీహిస్టమిన్ బిళ్ళలు దాదాపు వారం ముందే ఆపాలి, లేకపోతే ఏది గుచ్చినా చర్మం పలకదు. ఎన్ని రోజుల ముందో పరీక్ష చేసేవారినే అడగాలి.

ఉప్పు నీళ్ళతో ముక్కు కడుక్కోవడం చౌక వైద్యం. మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడాలి, కుళాయి నీళ్ళు నేరుగా వద్దు. పరుపు మీది దుప్పట్లని వారానికోసారి వేడి నీళ్ళలో ఉతకడం, బూజు దులిపేటప్పుడు మాస్కు పెట్టుకోవడం కూడా బిళ్ళల లెక్క తగ్గిస్తాయి.

షాపులో కత్తెర తీస్తుంటే వెనక పేర్లున్న వైపు కావాలని అడగవచ్చు, లేదా ఫోనుతో స్ట్రిప్ మొత్తం ఫొటో తీసుకోవచ్చు. ఏటా ఏడాకుల పాల పూసే రోజుల్లో బాధపడేవారు డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ స్ప్రేని సెప్టెంబరు చివరి వారంలోనే మొదలుపెడితే, వీధిలో మొదటి పువ్వు వాసన వచ్చేనాటికి అది పనిలో ఉంటుంది.